నెలకోసారి తీసే కారులో బ్యాటరీ దిగిపోకుండా చూసుకోవడం ఎలా: మొదటి నుంచి చివరిదాకా

భోగి తెల్లవారుజామున మా వీధిలో మంటల చిటపటతో పాటు ఇంకో చప్పుడు కూడా తప్పకుండా వినిపిస్తుంది. ఏదో ఒక ఇంటి పోర్టికోలో కారు ‘టక్ టక్ టక్’ అని ఆగిపోతుంది. హైదరాబాదు నుంచి రైల్లో దిగిన పిల్లలు, అమ్మానాన్నల దగ్గర వదిలేసి వెళ్లిన కారు తాళం తిప్పిన చప్పుడది. కాసేపటికి నాకు ఫోను: “బాబాయ్, మీ దగ్గర జంపర్ వైర్లున్నాయా?”

వైర్లున్నాయి, ఒక బండి బ్యాటరీ నుంచి ఇంకో బండికి కరెంటు అందించేవి, ఇస్తాను. కానీ మళ్లీ ఏడాది అదే ఫోను వస్తుంది. అడిగినవాళ్లందరికీ ముక్కలు ముక్కలుగా చెప్పే బదులు ఈసారి వరసగా రాసేస్తున్నాను. కోనసీమలో గానీ, భీమవరం, నరసాపురం వైపు గానీ, నెలకో రెండు నెలలకో ఒకసారి కారు తీసే ఇల్లు ఏదైనా పద్ధతి ఒకటే. ఇదంతా పెట్రోలు, డీజిలు కార్లలో ఉండే 12 వోల్టుల లెడ్ యాసిడ్ బ్యాటరీ గురించి.

1. ముందు ఒక లెక్క: చార్జింగ్ ఎక్కడికి పోతోంది?

కారు ఆపి తాళం వేసినా అందులో కొన్ని నిద్రపోవు. సెంట్రల్ లాకింగ్, అలారం, గడియారం, ఇంజిన్ కంప్యూటర్ జ్ఞాపకం, ఇవన్నీ కొంచెం కొంచెం కరెంటు తాగుతూనే ఉంటాయి. మొత్తం కలిపి 20 నుంచి 50 మిల్లీఆంపియర్ల లోపు ఉంటే మామూలే అనుకోవాలి.

30 అనుకుందాం. రోజుకు 0.7 ఏహెచ్ పైన పోతుంది, నెలకు 21 ఏహెచ్ పైన. ఏహెచ్ అంటే ఆంపియర్ అవర్, బ్యాటరీ మీద రాసే ఉంటుంది. చిన్న కార్లలో చాలావాటికి 35 ఏహెచ్ బ్యాటరీ వస్తుంది. అంటే నెల తిరిగేసరికి సగానికి మించి ఖాళీ.

దీనికి తోడు బ్యాటరీ తనంతట తానూ దిగుతుంది. 25 డిగ్రీల దగ్గర నెలకు 3 నుంచి 5 శాతం. పది డిగ్రీలు పెరిగితే ఆ దిగడం ఇంచుమించు రెట్టింపవుతుంది. రోహిణి కార్తెలో రేకుల షెడ్డు కింద, మూసిన బానెట్ లోపల ఎంత వేడి ఉంటుందో మీకు చెప్పక్కర్లేదు.

అసలు నష్టం ఆ తర్వాత మొదలవుతుంది. దిగిన బ్యాటరీని అలాగే వదిలేస్తే లోపలి ప్లేట్ల మీద లెడ్ సల్ఫేట్ గట్టిపడిపోతుంది. ఆ మీదట ఎంతసేపు చార్జింగ్ పెట్టినా అది పూర్తిగా కరగదు. ‘పండక్కి వచ్చినప్పుడు చూద్దాంలే’ అన్న బ్యాటరీ పండగ నాటికి చూడటానికే మిగులుతుంది.

2. పెరట్లో పది నిమిషాలు స్టార్ట్ చేసి ఆపేయడం మానేయండి

దీనికి ప్రత్యేకంగా ఒక భాగం కేటాయించడానికి కారణం ఉంది. మా ఇంట్లో రెండు బ్యాటరీలు ఈ పద్ధతిలోనే పోయాయి.

పక్కింటి కుర్రాడికి తాళం ఇచ్చి, ప్రతి ఆదివారం ఒక్క పది నిమిషాలు స్టార్ట్ చేసి ఉంచమన్నాను. వాడు ఏసీ వేసుకుని, పాటలు పెట్టుకుని, శ్రద్ధగా పది నిమిషాలు కూర్చునేవాడు. వాడి తప్పేం లేదు, నేను చెప్పిందే చేశాడు.

లెక్క చూడండి. సెల్ఫ్ కొట్టే రెండు మూడు సెకన్లలో పోయేది పెద్దేమీ కాదు, ఎంతో కొంత 0.15 ఏహెచ్. పెద్ద లోటు వారమంతా నిలబడి ఉండగా పోయిన 5 ఏహెచ్. బండి కదలకుండా నెమ్మదిగా తిరుగుతున్న ఇంజినుతో ఆల్టర్నేటర్ ఇచ్చేదే తక్కువ. ఇంజిను తిరుగుతుంటే కరెంటు పుట్టించేది ఇదే, మన మెకానిక్కులు దీన్నే డైనమో అంటారు. అందులో ఏసీ, ఫ్యాను, లైట్లు తినగా బ్యాటరీకి 8 ఆంపియర్లు మిగిలాయని ఉదారంగా అనుకున్నా, పది నిమిషాల్లో చేరేది 1.3 ఏహెచ్. ఐదు పోతే ఒకటి వచ్చింది. వారం వారం ఇలాగే జరిగితే ఏమవుతుందో అదే జరిగింది.

పైగా ఇంజిను సరిగా వేడెక్కకముందే ఆపేస్తాం కాబట్టి సైలెన్సర్లో తేమ మిగిలిపోతుంది, ఇంజిన్ ఆయిల్లో కాస్త పెట్రోలు కలుస్తుంది. మూసి ఉన్న షెడ్డులో స్టార్ట్ చేసి కూర్చుంటే ఆ పొగ ప్రాణానికే ముప్పు.

3. దగ్గర పెట్టుకోవాల్సినవి

• డిజిటల్ మల్టీమీటర్. ఎలక్ట్రికల్ షాపులో దొరికే మామూలుది చాలు.
• 10 నంబరు స్పానర్. ఎక్కువ కార్లలో బ్యాటరీ పాయింట్ల (పైన వైరు క్లిప్పులు బిగించే రెండు దిమ్మల) నట్టు ఇదే. మీ కారుకు ముందే పెట్టి చూసుకోండి.
• 12 వోల్టుల ఆటోమేటిక్ బ్యాటరీ చార్జర్.
• వంటసోడా, పాత టూత్ బ్రష్, పొడి గుడ్డలు, వాజిలిన్ డబ్బా.
• రబ్బరు గ్లౌజులు, కళ్లద్దాలు. రోజూ పెట్టుకునే కళ్లజోడైనా సరే, ఏదీ లేకపోవడం కంటే మేలు.
• బ్యాటరీకి నీళ్లు పోసే మూతలుంటే డిస్టిల్డ్ వాటర్ సీసా.
• కారు మాన్యువల్. డ్యాష్‌బోర్డు అరలో కవరు విప్పకుండా పడి ఉంటుంది, తీయండి.

చేతికి ఉంగరం, లోహపు గాజులు, గడియారం ఉంటే పని మొదలుపెట్టే ముందు తీసేయండి. స్పానర్ పాజిటివ్‌కీ బాడీకీ ఒకేసారి తగిలితే వచ్చే నిప్పురవ్వలు సరదాగా ఉండవు. మధ్యలో ఉంగరం చిక్కుకుంటే వేలు కాలుతుంది.

చార్జర్ కొనేటప్పుడు రెండు చూడండి. ఒకటి, నిండగానే తనంతట తాను తగ్గించుకునేదై ఉండాలి. రెండు, దాని ఆంపియర్లు మీ బ్యాటరీ ఏహెచ్‌లో పదో వంతు దరిదాపుల్లో ఉండాలి. 35 ఏహెచ్‌కి 3 నుంచి 4 ఆంపియర్లు. ఇంకా చిన్నదైతే ఆలస్యమవుతుందంతే, నష్టం లేదు. నిండినా ఆగకుండా తోసే పాత రకం చార్జర్ ఇంట్లో ఉంటే, దాన్ని పెట్టి నిద్రపోవద్దు.

4. ఇప్పుడు ఏ స్థితిలో ఉందో చూసుకోవడం

కారు కనీసం ఐదారు గంటలు కదలకుండా ఉన్నాకే కొలవాలి. పొద్దున్నే కాఫీ తాగేముందు కొలిస్తే సరిపోతుంది. ఇప్పుడే తిరిగొచ్చిన కారు బ్యాటరీ పైపై పొంగుతో ఎక్కువ చూపిస్తుంది.

మల్టీమీటర్‌ని డీసీ 20 వోల్టుల దగ్గర పెట్టండి. ఎర్ర ముల్లు పాజిటివ్ మీద, నల్ల ముల్లు నెగటివ్ మీద. పట్టే క్లిప్పు మీద కాదు, మధ్యలో ఉన్న సీసపు దిమ్మ మీదే ఆనించండి.

• 12.6 లేదా ఆ పైన: నిండుగా ఉంది.
• 12.4: ముప్పావు. ఇక్కడే చార్జింగ్ పెట్టేయాలి.
• 12.2: సగం.
• 12.0: పావు వంతు. ఈ రోజే పెట్టండి.
• 11.8 లేదా ఆ కింద: దాదాపు ఖాళీ.

చాలామంది ‘12 చూపిస్తోంది, 12 వోల్టుల బ్యాటరీయే కదా, బాగానే ఉంది’ అనుకుంటారు. బ్యాటరీ పేరులో ఉన్న 12ని నమ్మొద్దు. 12.0 అంటే అడుగంటిందని అర్థం. ఏజీఎం రకం బ్యాటరీ (యాసిడ్‌ని గాజునార పొరల్లో పీల్చి ఉంచే రకం) అయితే నిండుగా ఉన్నప్పుడు 12.8 దాకా చూపిస్తుంది.

ఇంకో పరీక్ష: ఇంట్లో ఒకరిని సెల్ఫ్ కొట్టమని, మీరు మీటర్ చూడండి. కొట్టేటప్పుడు 9.6 కంటే కిందికి పడకూడదు. బండి స్టార్టయ్యాక 13.8 నుంచి 14.5 మధ్య చూపిస్తే ఆల్టర్నేటర్ పని చేస్తున్నట్టు. కొత్త కార్లు కొన్ని పెట్రోలు ఆదా కోసం ఈ అంకెను కావాలనే తగ్గిస్తాయి కాబట్టి ఒకసారి తక్కువ కనిపిస్తే కంగారు పడకండి, హెడ్‌లైట్లు వేసి మళ్లీ చూడండి.

5. పాయింట్లు శుభ్రం చేయడం

సముద్రపు గాలి తగిలే ఊళ్లలో ఈ పని ఎక్కువ. అంతర్వేది, ఓడలరేవు, మొగల్తూరు వైపు కార్లలో బానెట్ ఎత్తితే పాయింట్ల మీద తెల్లగానో పచ్చగానో పొడి పేరుకుని కనిపిస్తుంది. ఆ పొడి ఉంటే ఎంత మంచి బ్యాటరీ అయినా సెల్ఫ్‌కి పూర్తి కరెంటు అందదు. ‘బ్యాటరీ పోయింది’ అని తీసేసినవాటిలో కొన్ని నిజానికి పాయింట్లు పట్టేసినవే.

వరస ఇది:

ఒకటి. ఇగ్నిషన్ ఆపి, తాళం జేబులో వేసుకుని, కిటికీ అద్దం ఒకటి దించి ఉంచండి.

రెండు. ముందు నెగటివ్ నట్టు వదులు చేసి క్లిప్పు తీయండి. తర్వాతే పాజిటివ్. కారు బాడీ అంతా నెగటివ్‌కి కలిసి ఉంటుంది. నెగటివ్ తీసేశాక పాజిటివ్ మీద పని చేస్తూ స్పానర్ ఎక్కడ తగిలినా ఏమీ కాదు. ముందు పాజిటివ్ మీద చెయ్యి వేస్తే, స్పానర్ అవతలి కొస బాడీకి తగిలిన క్షణం వెల్డింగే.

మూడు. గ్లాసు వేడి నీళ్లలో ఒక చెంచా వంటసోడా కలిపి, బ్రష్‌తో పాయింట్లు, క్లిప్పుల లోపలి భాగం రుద్దండి. బుసబుస నురగ వస్తుంది, అది ఆగేదాకా రుద్దాలి. మూతలున్న బ్యాటరీ అయితే అవి బిగించి ఉన్నాయో లేదో ముందే చూడండి. సోడా నీళ్లు ఒక్క చుక్క లోపలికి పోకూడదు.

నాలుగు. మంచి నీళ్ల గుడ్డతో తుడిచి, పొడి గుడ్డతో పూర్తిగా ఆరబెట్టండి.

ఐదు. ముందు పాజిటివ్, చివరన నెగటివ్ బిగించండి. చేత్తో తిప్పితే క్లిప్పు కదలకూడదు.

ఆరు. బిగించాక పైన వాజిలిన్ పల్చగా రాయండి. ముందే రాసి తర్వాత బిగించొద్దు. ట్రాక్టర్‌కి కొట్టే గ్రీజు తెచ్చి మెత్తేవాళ్లని చూశాను, అది దుమ్మునంతా పట్టుకుని ఇంకో గొడవ తెస్తుంది.

మూతలున్న బ్యాటరీలో నీటి మట్టం కూడా ఇప్పుడే చూసేయండి. తగ్గితే డిస్టిల్డ్ వాటర్ మాత్రమే పోయాలి. కుళాయి నీళ్లు, బోరు నీళ్లు వద్దు, ఇంట్లో ఆర్‌వో నీళ్లు కూడా వద్దు, వాటిలో ఇంకా లవణాలు మిగిలే ఉంటాయి. యాసిడ్ ఎప్పుడూ పోయొద్దు. చార్జింగ్ అయ్యాక గుర్తు దాకా నింపాలి. చార్జింగ్‌కి ముందే ప్లేట్లు బయటపడి ఉంటే మాత్రం అవి మునిగేంత పోసి, మిగతాది తర్వాత పోయండి.

6. ఎన్నాళ్లు ఆగుతుందో దాన్నిబట్టి పద్ధతి

ఇక్కడ నిజాయతీగా లెక్క వేసుకోండి. ‘వారానికోసారి తీస్తూనే ఉంటాం’ అని అందరూ అంటారు. మీటర్లో కిలోమీటర్లు చూస్తే తెలిసిపోతుంది.

6.1 వారం, పది రోజులకోసారి తీసేవాళ్లు

చార్జర్ అక్కర్లేదు. తీసిన రోజు ముప్పావు గంట తక్కువ కాకుండా, మంచి రోడ్డు మీద 50, 60 వేగంతో నడపండి. అమలాపురం నుంచి రావులపాలెం దాకా వెళ్లి రండి. భీమవరం వాళ్లయితే పాలకొల్లు దాకా. కూరగాయల మార్కెట్టుకి వెళ్లి రావడం లెక్కలోకి రాదు, అలాంటి పొట్టి ప్రయాణాలు నాలుగు చేస్తే బ్యాటరీ ఇంకా దిగుతుంది. రాత్రిపూట కంటే పగలు మేలు, లైట్ల వాడకం ఉండదు.

6.2 రెండు వారాల నుంచి రెండు నెలలు

రెండు దారులు. షెడ్డులో ప్లగ్గు ఉంటే చార్జర్. లేకపోతే నెగటివ్ క్లిప్పు తీసి పక్కన పెట్టడం. రెండోదానికి పైసా ఖర్చు లేదు, పెద్దవాళ్లు ఉన్న ఇంట్లో గందరగోళం కూడా తక్కువ. నన్నడిగితే ఎక్కువ ఇళ్లకు ఇదే సరైనది.

తీసే ముందు బ్యాటరీ నిండుగా ఉండాలి. సగం దిగిన బ్యాటరీ క్లిప్పు తీసి ‘హమ్మయ్య’ అనుకుంటే లాభం లేదు, ఆ సగంలోనే అది గట్టిపడుతూ ఉంటుంది.

నెగటివ్ తీసే ముందు చూసుకోవాల్సినవి:

• ఇంజిన్ ఆపి పది నిమిషాలు అయిందా? లోపలి కంప్యూటర్లు సద్దుమణగాలి.
• పాత స్టీరియోకి కోడ్ అడిగే అలవాటుంటే ఆ నంబరు రాసుకున్నారా?
• తాళం కారు లోపల లేదు కదా?
• డిక్కీ బటన్‌తో మాత్రమే తెరుచుకునే రకమా? అయితే అందులో కావలసిన వస్తువులు ముందే తీసేయండి.
• డ్రైవరు తలుపు మామూలు తాళంచెవితో తెరుచుకుంటోందా? రిమోట్‌లో దాగి ఉండే చిన్న తాళంచెవి ఎక్కడుందో ఇప్పుడే వెతుక్కోండి.

తీసిన క్లిప్పు మళ్లీ జారి పాయింటుకి తగలకుండా గుడ్డ చుట్టి పక్కకు వంచి కట్టండి. స్టీరింగ్ మీద ‘బ్యాటరీ తీసి ఉంది’ అని ఒక చీటీ అంటించండి. లేకపోతే ఎవరో తాళం తిప్పి చూసి, కారు పాడైందని మెకానిక్కుని పిలుస్తారు. మా అన్నయ్య పిలిచాడు కూడా.

తిరిగి పెట్టాక గడియారం మళ్లీ దిద్దుకోవాలి. ఆటోమేటిక్‌గా పైకి లేచే అద్దాలకు ఆ అలవాటు మళ్లీ నేర్పాలి, ఎలాగో మాన్యువల్లో ఉంటుంది. ఇంజిను కొన్ని నిమిషాలు అటూ ఇటూ ఊగినట్టు తిరిగినా భయపడకండి, కొద్ది దూరం నడిపితే సర్దుకుంటుంది.

6.3 మూడు నెలలు, ఆ పైన

పూర్తిగా చార్జ్ చేసి, క్లిప్పులు తీసి, నెలన్నరకోసారి మీటర్ పెట్టి చూడాలి. 12.4 కనిపిస్తే మళ్లీ చార్జింగ్. కారు విదేశంలో ఉన్నవాళ్లదైతే బ్యాటరీని బయటికి తీసి ఇంట్లో నీడపట్టున పెట్టడం ఇంకా మంచిది. కదపకుండా నిటారుగా ఎత్తాలి. చిన్న బ్యాటరీ కూడా చూసినదానికంటే బరువుంటుంది, నడుం నొప్పి ఉన్నవాళ్లు కుర్రాళ్లని పిలవండి.

గచ్చు మీద పెడితే దిగిపోతుందని పాతవాళ్లు అంటారు. ఇప్పటి ప్లాస్టిక్ డబ్బా బ్యాటరీలకు అది వర్తించదు. అయినా కింద చెక్క వేయండి, యాసిడ్ చెమర్చితే గచ్చు పాడవకుండా. వంటింట్లో, దేవుడి గదిలో మాత్రం పెట్టొద్దు. దీపాలకు, గ్యాసుకు దూరంగా ఉండాలి.

షెడ్డులో ప్లగ్గు లేదు, నెలల తరబడి ఎవరూ ఉండరు అంటే 10 నుంచి 20 వాట్ల చిన్న సోలార్ ప్యానెల్ పెట్టుకోవచ్చు. బ్యాటరీ నిండాక కరెంటుని అదుపు చేసే చార్జ్ కంట్రోలర్ తప్పకుండా ఉండాలి, వైరు మధ్యలో ఫ్యూజు ఉండాలి, నేరుగా బ్యాటరీకే కలపాలి. సిగరెట్ లైటర్ సాకెట్‌కి పెడితే చాలా కార్లలో తాళం తీశాక అది పని చేయదు. మన దగ్గర ఇంకో చిక్కు కొబ్బరి నీడ. మట్టల నీడ ప్యానెల్ మీద అటూ ఇటూ ఆడుతుంటే వచ్చేది నామమాత్రం. అసలు కారునే కొబ్బరి చెట్టు కింద పెట్టారంటే బ్యాటరీ గురించి తర్వాత మాట్లాడుకుందాం, ముందు అక్కడి నుంచి తీయండి.

7. చార్జర్ పెట్టే వరస

గాలి ఆడే చోటే చేయాలి. చార్జింగ్‌లో హైడ్రోజన్ వాయువు వస్తుంది. పక్కన బీడీ, అగరుబత్తి, వెల్డింగ్ ఏదీ ఉండకూడదు.

ఒకటి. బానెట్ ఎత్తి ఉంచండి. చార్జర్ ప్లగ్గు ఇంకా గోడకు పెట్టొద్దు.

రెండు. ఎర్ర క్లిప్పు పాజిటివ్‌కి.

మూడు. నల్ల క్లిప్పు బ్యాటరీకి కాస్త దూరంగా, రంగు లేని ఇంజిన్ బోల్టుకో, కంపెనీ ఇచ్చిన ఎర్త్ పాయింటుకో. బ్యాటరీ బయటికి తీసి ఉన్నా, నెగటివ్ క్లిప్పు విప్పి ఉన్నా నేరుగా నెగటివ్‌కే పెట్టాలి. ట్రాఫిక్‌లో ఆగితే ఇంజిను దానంతట అదే ఆగే రకం కార్లలో నెగటివ్ పాయింటు మీద చిన్న సెన్సర్ ఉంటుంది. క్లిప్పు బిగించి ఉన్నప్పుడు వాటికి తప్పనిసరిగా బాడీ ఎర్త్‌కే పెట్టాలి.

నాలుగు. చార్జర్ మీద బ్యాటరీ రకం ఎంచుకునే బటన్ ఉంటే సరైనది నొక్కండి.

ఐదు. ఇప్పుడు గోడ స్విచ్ వేయండి.

తీసేటప్పుడు తలకిందులుగా: ముందు గోడ స్విచ్, తర్వాత నల్లది, చివరన ఎర్రది.

సగం దిగిన 35 ఏహెచ్ బ్యాటరీకి 3.5 ఆంపియర్ల చార్జర్‌తో లెక్క ప్రకారం ఐదు గంటలు. కానీ చివరి ఐదో వంతు చాలా నెమ్మదిగా ఎక్కుతుంది కాబట్టి ఎనిమిది, పది గంటలు అనుకోండి. త్వరగా అయిపోతుందని ఎక్కువ ఆంపియర్లతో తోయించకండి. చెయ్యి పెడితే బ్యాటరీ గోరువెచ్చగా ఉండొచ్చు. చుర్రుమంటే ఆపేయండి. కుళ్లిన గుడ్డు వాసన వచ్చినా అంతే, ఆపి దూరంగా జరగండి.

మన ఊళ్లకు పనికొచ్చే మాట ఒకటి. కరెంటు పోయి వచ్చాక కొన్ని చార్జర్లు తమంతట తామే మళ్లీ మొదలుపెడతాయి, కొన్ని బటన్ నొక్కేదాకా ఊరకే కూర్చుంటాయి. కొన్న రోజే స్విచ్ ఆపి, వేసి చూసుకోండి. రెండో రకమైతే నెలల తరబడి వదిలేయడానికి పనికిరాదు. తుపాను కబురు వచ్చినా, ఉరుములు మొదలైనా ప్లగ్గు పీకేయాలి. వరద భయం ఉన్న లంక ఊళ్లలో అయితే నెగటివ్ తీయడం కూడా ఆపి, ముందు కారుని గట్టు మీదికి ఎక్కించండి. అక్కడ పెట్టాక తీయొచ్చు. లోపలికి నీళ్లు వచ్చిన కారుకి సెల్ఫ్ కొట్టొద్దు.

8. నెల ఆగకుండానే దిగిపోతోందా? దొంగని పట్టుకోవాలి

నిండు బ్యాటరీ నాలుగైదు రోజులకే దిగిపోతే అది మామూలు వాడకం కాదు. ఎక్కువగా దొరికే దొంగలు బయట బిగించినవే: పార్కింగ్‌లో కూడా రికార్డు చేసే డ్యాష్ క్యామ్, జీపీఎస్ ట్రాకర్, కొత్త స్టీరియో, ఆరిపోని డిక్కీ లైటు. 250 మిల్లీఆంపియర్లు తాగే కెమెరా రోజుకు 6 ఏహెచ్ లాగేస్తుంది. మూడు రోజుల్లో చిన్న బ్యాటరీ సగం. ఫాస్టాగ్‌ని అనుమానించే వాళ్లున్నారు, దానికి కారు బ్యాటరీతో సంబంధమే లేదు.

కొలిచే పద్ధతి: అన్నీ ఆపి, నెగటివ్ తీసి, మల్టీమీటర్‌ని 10 ఆంపియర్ల దగ్గర పెట్టి, ఎర్ర వైరు కూడా మీటర్ మీద 10A అని రాసిన రంధ్రంలోకి మార్చి, ఒక ముల్లు నెగటివ్ పాయింటుకి, ఇంకోటి తీసిన క్లిప్పుకి. అరగంట ఆగండి. మొదట్లో ఎక్కువ చూపించి, కారు నిద్రలోకి జారాక పడుతుంది. 0.05 లోపు ఆగితే బాగుంది. పైనే ఉంటే ఒక్కొక్క ఫ్యూజు తీస్తూ చూడండి, ఏది తీస్తే పడిందో దొంగ అక్కడున్నాడు. మీటర్ ఇలా కలిపి ఉండగా తాళం తిప్పొద్దు, సెల్ఫ్ కొట్టొద్దు, మీటర్ ఫ్యూజు కాలిపోతుంది. పని అయ్యాక ఎర్ర వైరుని వోల్టుల రంధ్రంలోకి మార్చడం మరిచిపోకండి. చాలా మీటర్లు ఆ మరుపుతోనే పోతాయి.

కోతల తర్వాత చేలో ఎలుకలు షెడ్డులోకి వస్తాయి. బానెట్ ఎత్తినప్పుడల్లా వైర్ల తొడుగు కొరికి ఉందేమో చూడండి. వైరు రాగి బయటపడితే అదీ దొంగే.

9. అయినా దిగిపోయింది: జంపర్ వైర్లతో స్టార్ట్ చేయడం

సాయానికి వచ్చే బండి 12 వోల్టులదే కావాలి. కారు, చిన్న ట్రాలీ ఆటో సరే. మామూలు ట్రాక్టర్ కూడా దాదాపు ఎప్పుడూ 12 వోల్టులే, అయినా బ్యాటరీ మీద చూసి కలపండి. లారీ వద్దు, పెద్ద లారీల్లో రెండు బ్యాటరీలు కలిపి 24 వోల్టులు ఉంటాయి, మీ కారు కంప్యూటర్ కాలిపోతుంది.

బ్యాటరీ ఉబ్బి ఉన్నా, పగిలినా, కారుతున్నా ఈ పని అసలు చేయొద్దు.

రెండు బండ్లూ తగలకుండా దగ్గరగా పెట్టి, అన్నీ ఆపి:

• ఎర్రది: దిగిన బ్యాటరీ పాజిటివ్‌కి.
• ఎర్రది రెండో కొస: మంచి బ్యాటరీ పాజిటివ్‌కి.
• నల్లది: మంచి బ్యాటరీ నెగటివ్‌కి.
• నల్లది రెండో కొస: దిగిన కారు ఇంజిన్‌లో రంగు లేని ఇనుము మీద, బ్యాటరీకి దూరంగా. చివరి క్లిప్పు పెట్టేటప్పుడు రవ్వ వస్తుంది, అది బ్యాటరీ పక్కన రాకూడదు.

సాయం చేసే బండిని స్టార్ట్ చేసి ఐదు నిమిషాలు ఆగండి. తర్వాత మీది. స్టార్ట్ కాకపోతే పది సెకన్లకు మించి సెల్ఫ్ పట్టుకుని ఉండొద్దు, రెండు నిమిషాలు ఆగి మళ్లీ. అయ్యాక వైర్లు ఉల్టా వరసలో తీయాలి.

తోసి స్టార్ట్ చేద్దామంటారా? ఆటోమేటిక్ గేరు కారైతే కుదరదు. మాన్యువల్ అయినా, డ్యాష్‌బోర్డులో లైటు కూడా వెలగనంత దిగిపోతే ఇప్పటి కార్లు తోసినా కదలవు. పెట్రోలు పంపుకీ కంప్యూటర్‌కీ కరెంటు కావాలి. పండగ బట్టల్లో వీధంతా చెమట పట్టడమే మిగులుతుంది.

స్టార్టయింది కదా అని అరగంట తిప్పి వదిలేయకండి. అంతగా దిగిన బ్యాటరీ అరగంటలో నిండదు, ఆల్టర్నేటర్‌ మీద బరువు కూడా పడుతుంది. ఆ రాత్రే చార్జర్ పెట్టండి. చార్జర్ బ్యాటరీని గుర్తుపట్టకపోతే అది మరీ కిందికి పోయిందని అర్థం. బ్యాటరీ షాపులో ఇచ్చి నెమ్మది చార్జింగ్ పెట్టించండి. రెండు గంటల్లో ఇచ్చేస్తామంటే వద్దనండి, మర్నాడు తీసుకుంటామని చెప్పండి.

10. ఎప్పుడు వదులుకోవాలి

పూర్తిగా చార్జ్ చేసి, క్లిప్పులు తీసి, పన్నెండు గంటలు ఆపి కొలవండి. 12.4 కూడా నిలవకపోతే అది ఇక మీ మాట వినదు. 10.5 దగ్గర ఆగిపోతే లోపలి ఆరు సెల్స్‌లో ఒకటి పోయి ఉంటుంది, చార్జర్‌తో బాగవదు. మన ఎండలకు మూడు నుంచి ఐదేళ్లు పని చేస్తే దానికి అన్యాయం చేయనట్టే.

వారంటీలో ఉంటే కార్డు, బిల్లు పట్టుకెళ్లండి. షాపువాళ్లు మొదట చార్జింగ్ పెట్టి చూస్తారు, కాబట్టి పండగ ముందు రోజు కాకుండా పది రోజుల ముందే వెళ్లడం మంచిది. కొత్తది కొనేటప్పుడు తయారీ తేదీ అడగండి, షాపులో ఆరు నెలలు నిలవున్నది తీసుకోకండి. ట్రాఫిక్‌లో ఇంజిను దానంతట అదే ఆగే రకం కారైతే ఈఎఫ్‌బీయో (మామూలుదాన్నే గట్టిపరిచిన రకం) ఏజీఎమ్మో ఏది వచ్చిందో అదే వేయించాలి, చవకని మామూలుది వేస్తే ఏడాది తిరగదు. పాత బ్యాటరీ ఆ షాపుకే ఇచ్చేయండి, కొత్తదాని ధరలో తగ్గిస్తారు. పాత ఇనుప సామాన్లవాడికి ఇస్తే లోపలి యాసిడ్ కాలవలో ఒంపేసి సీసం పట్టుకుపోతాడు, ఆ కాలవే కింద చేలకు పారేది.